రెండు విండోలు పక్కపక్కన

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్తే.

దేవరకొండలో ఒక నెట్ సెంటర్‌లో ఏళ్లపాటు అప్లికేషన్లు నింపినవాణ్ని నేను. నల్లగొండలో డేటా ఎంట్రీ నేర్చుకుంటున్న మీకు ఇవాళ ఒక్క పని చూపిస్తా. రెండు విండోలను ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకోవడం. ఇది తెలియక నేను చేసిన తప్పు ముందు చెప్తా.

చందంపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ చేసి ఒక విండోలో తెరిచా, ఫారం ఇంకో విండోలో. రెండూ స్క్రీన్ నిండా పరుచుకొని ఉన్నాయి. పాస్‌బుక్ చూడటం, ఆల్ట్ ట్యాబ్ కొట్టి ఫారం విండోకు మారడం, నోట్లో అనుకుంటూ టైప్ చేయడం. ఖాతా నంబరు 11 అంకెలు. మధ్యలో 5384 ఉంటే 5834 కొట్టా. డబ్బు పడలేదు. పాపం ఆయన మూడుసార్లు బస్సెక్కి వచ్చారు. మూడోసారి పాస్‌బుక్‌నే తీసుకుని స్క్రీన్‌కు ఆనించి, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ పోతే తప్పు దొరికింది. ఆ మూడు రోజుల కూలి నా వల్లే పోయింది. ఇప్పటికీ బాధే.

ఆ రోజు కాగితం పక్కన ఉంది కాబట్టి తప్పు కనపడింది. అంతకుముందు నేను చూసి కొట్టలేదు, గుర్తుపెట్టుకుని కొట్టా.

ఇప్పుడు ఈ స్క్రీన్ చూడండి. ఫొటో ఉన్న విండో మీద ఒకసారి క్లిక్ చేశా. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం కొట్టా. ఎడమ సగానికి వెళ్లి కూర్చుంది. కుడి సగంలో మిగతా విండోలు చిన్న బొమ్మల్లా కనిపిస్తున్నాయి కదా? ఫారం బొమ్మ నొక్కితే అది కుడివైపు నిండింది. మధ్య గీతను మౌస్‌తో పట్టుకుని జరిపితే ఒకటి పెరుగుతుంది, ఇంకోటి తగ్గుతుంది. బాణం కీలతో ఇలా అతికించడం 2009లో విండోస్ 7తో వచ్చింది, ఈ బొమ్మలు చూపించడం విండోస్ 10తో. విండోస్ 11 అయితే విండోస్ కీతో జెడ్ కొట్టండి, ఏ గడిలో ఏది పెట్టాలో అదే అడుగుతుంది.

భూమి లెక్కల్లో ఇది ఇంకా ముఖ్యం. మనకు 40 గుంటలు ఒక ఎకరం. పాత పహాణీలో, అంటే భూమి రికార్డులో, 2 ఎకరాల 30 గుంటలను 2-30 అని రాసి ఉంటే దాన్ని చాలామంది ఎక్సెల్‌లో 2.30 అని కొడతారు. ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.3 చూపిస్తుంది. చూస్తుండగానే 30 గుంటలు 3 గుంటల్లా అయిపోయాయి! దానికి 1.20 కూడితే 3.5 వస్తుంది. అసలు లెక్క 4 ఎకరాల 10 గుంటలు. పహాణీ ఎడమన, షీట్ కుడిన ఉంటే ఒక పక్క 4-10, ఇంకో పక్క 3.5 ఎదురెదురుగా కనిపిస్తాయి. అప్పుడు చెయ్యి ఆగుతుంది. ఎకరాలకు ఒక కాలమ్, గుంటలకు ఇంకో కాలమ్ పెట్టుకోవాలన్న ఆలోచన నాకు అలా చూస్తేనే వచ్చింది.

నాలుగు విండోలు కూడా పెట్టొచ్చు. మన చిన్న ల్యాప్‌టాప్‌లలో మాత్రం వద్దంటాను. 1366 పిక్సెళ్ల వెడల్పులో సగమంటే 683, వెబ్‌సైట్లు అందులోనే ఇరుక్కుంటాయి. కంట్రోల్ పట్టుకుని మైనస్ కొడితే అక్షరాలు తగ్గి ఫారం పడుతుంది. అయినా చదవడానికి కళ్లు చిట్లించాల్సి వస్తుంటే పాస్‌బుక్‌కు మూడో వంతు చాలు, మిగతాదంతా ఫారానికే ఇవ్వండి.

మాటలు చాలు, చేసి చూద్దాం. మీ సిస్టమ్‌లలో ఒక పహాణీ ఫొటో, ఒక ఖాళీ షీట్ పెట్టి ఉంచా. రెండూ తెరవండి. ముందు ఫొటో మీద క్లిక్ చేసి, విండోస్ కీ పట్టుకోండి. ఎడమ బాణం కొట్టండి. వెనక వరుసలో ఎవరికైనా రాకపోతే చెయ్యెత్తండి, నేను వస్తా.