‘ఈజ్’ పెట్టాల్సిన ఖాళీ జాగ

వేదిక మీది పెద్దలకు, సార్లకు, టీచరమ్మలకు నమస్కారం. సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. గీ రోజున హనుమకొండల ఇంగ్లిష్ ముచ్చటేంది అని కొందరు మొఖం చిట్లిస్తున్నరు. ఇంగ్లిష్ ఒక్క ముక్క రానోళ్లకు పేరు చెప్పుకునుడు నేర్పాలంటే ముందు మన తెలుగు నడక తెలిసుండాలె. గందుకే ఈ ముచ్చట.

“నా పేరు రవి.” ఇండ్ల క్రియ ఏది? లేదు, తెలుగుకు అక్కర లేదు. అందుకే పిలగాడు “మై నేమ్ రవి” అంటడు. తెలుగును ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌ల పెట్టిండు. బోర్డు మీద రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాయండి. తెలుగుదాంట్ల ఖాళీ జాగ చూపించి, కింద “ఈజ్” పెట్టండి. గ్రామర్ అనే మాటే ఎత్తకండి.

ఇంకోటి “నేము”, “ఫ్రము”. మన మాటలు చాలామటుకు అచ్చుతోటి అయిపోతయి గనక ఉకారం దానంతటదే వచ్చి కూసుంటది. నవ్వకండి. ఉత్వసంధి యాది చేసుకోండి: రాముడు, అతడు కలిస్తే రాముడతడు. అట్లనే “నేమ్”, “ఈజ్” కలిపి “నేమీజ్” అనిపించండి. ఉకారం దూరెటందుకు సందు దొరకది.

మొదటి రోజు నాలుగే ముక్కలు. “హలో, ఐయామ్ రవి.” “ఐయామ్ ఫ్రమ్ పరకాల.” “ఐయామ్ ఎ టైలర్.” “నైస్ టు మీట్ యూ.” మూడోదాంట్ల “ఎ” మింగుతరు, చెవి పెట్టి వినండి. ఆఖరిదానికి నోరు తిరగకుంటే తోక నుంచి ఎత్తుకోండి: “మీట్ యూ”, “టు మీట్ యూ”, “నైస్ టు మీట్ యూ”. అటెనుక బోర్డు మీద ఒక్కో మాట చెరుపుకుంట అదే చెప్పించండి. పేరు కాడ నిదానం. సొంత పేరు గనక గబగబ అనేస్తరు, ఎదుటాయన మొదటిసారి వింటున్నడు.

“ఐయామ్ కమింగ్ ఫ్రమ్ పరకాల” అంటే ఇప్పుడే అక్కడికెల్లి బస్సుల వస్తున్న అని. మాది పరకాల అనేటందుకు “ఐయామ్ ఫ్రమ్” చాలు.

ఇగ అసలు కడుపుమంట, “మైసెల్ఫ్ రవి”. ఎవరు అంటించిండ్రయ్యా దీన్ని? చిన్న తరగతుల నోట్‌బుక్కుల “మైసెల్ఫ్” అని పైన రాసి పది లైన్లు బట్టీ పట్టిస్తరు. “ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్” అనంగనే ఆ పైమాటే నోట్లకెల్లి ఊడిపడతది. “ఐ కట్ మైసెల్ఫ్” అంటే నన్ను నేనే కోసుకున్న అని. అసొంటికాడ దానికి పని. “నేను ఫలానా” అనేకాడ దాంతోటి ఏం పని? డిగ్రీ అయినంక ఇంటర్వ్యూల కూడా గవే పది లైన్లు! నడుమ ఒక్క మాట మరిస్తే మళ్ల మొదటికెల్లి. “వేర్ ఈజ్ పరకాల?” అని అడిగితే తెల్లమొఖం. “నియర్ వరంగల్” అంటే అయిపాయె గదా!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నరు. రాసుకొచ్చిన రెండు పేజీలు పక్కకు పెడుతున్న. ముందు రెండు వరుసలు లేవండి, ఎదురెదురుగ నిలబడండి. జంటకు ఒక్క నిమిషం. చప్పట్లు కొట్టంగనే కుడిదిక్కు వరుస ఒక్కడుగు జరగాలె, ఆఖరాయన మొదటికి రావాలె. పక్కూరు సారే అయినా తెల్వనట్టే అడగండి. నేను నడుమల తిరుగుత. “మైసెల్ఫ్” వినిపిస్తే సీనియర్ సార్లనైనా ఇడిసిపెట్ట.