ఏసీ ఉన్నా ఇల్లెందుకు చెమరుస్తుంది?

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో సొంతిల్లు కట్టుకున్న అన్నలు, అక్కలు ఉన్నారు. వెనక నాతోపాటు ఏసీ పని చేసే తమ్ముళ్లు ఉన్నారు. ఇద్దరితోనూ మాట్లాడాల్సిన విషయమే ఇది.

కార్తీక మాసం వచ్చేసరికి మన తిరుపతి ఇళ్లలో తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి. బీరువా తెరిస్తే ముక్కిన వాసన. దాచుకున్న శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద తెల్లగా బూజు. 2021 నవంబరు వానలను ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తరవాత నన్ను పిలిచిన ఇళ్లలో అందరూ అడిగింది ఒకటే: "ఇంత ఖర్చు పెట్టి ఏసీ పెట్టించాం, ఈ చెమ్మ ఎక్కడిది?"

ఏసీ నడవాలా వద్దా అని తేల్చే థర్మోస్టాట్‌కు తెలిసింది వేడి ఒక్కటే, తేమ దానికి తెలియదు. మే నెలలో కంప్రెసర్ గంటలకొద్దీ ఆడుతుంది, ఏసీ లోపలి చల్లని గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద ఆవిరి నీరై పైపులోంచి కారిపోతుంది. వానాకాలంలో బయటే 24, 25 డిగ్రీలుంటే కంప్రెసర్ ఆడదు, తేమ ఇంట్లోనే ఉండిపోతుంది. అప్పుడు చాలామంది ఏసీని 20కి దించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, 20 దగ్గర 17 గ్రాములే. గది తొందరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది. బయటి తడిగాలి సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. చల్లటి చెంబుకు పట్టినట్టు గోడకు చెమట పడుతుంది.

గాలిలోంచి తేమను లాగేసే మిషను, డీహ్యూమిడిఫయర్, ఈ లోటు తీరుస్తుంది. అందులోనూ కంప్రెసర్ ఉంటుంది. కాకపోతే గాలి ముందు చల్లని కాయిల్ మీదుగా, వెంటనే వేడి కాయిల్ మీదుగా పోతుంది. నీళ్లు కిందికి, పొడిగాలి ఇంట్లోకి. ఆ గాలి కొంచెం వేడిగానే వస్తుంది, దాన్ని చూసి మిషను పాడైందనుకోవద్దు. ఒక లీటరు ఆవిరి నీరుగా మారితే దాదాపు 0.68 యూనిట్ల వేడి విడుదలవుతుంది. గంటకు లీటరు తీసే మిషను 500 వాట్లు వాడుకుంటే, మొత్తం 1.2 కిలోవాట్ల వేడి ఇంట్లోకొస్తుంది. అంటే ఒక టన్ను ఏసీ ఇచ్చే చల్లదనంలో మూడో వంతు.

అమెరికా ఇళ్లలో చలికాలపు వేడికీ ఎండాకాలపు చల్లదనానికీ చాలాచోట్ల ఒకే డక్టు, అంటే గదులకు గాలి మోసే పెద్ద గొట్టం ఉంటుంది. ఇల్లంతటికీ ఒకే డీహ్యూమిడిఫయర్‌ను దానికే తగిలిస్తారు. మనకు హీటింగుతో పని లేదు. డక్టబుల్ ఏసీ ఉన్న ఇళ్లకు మాత్రం పద్ధతి అదే. అక్కడున్న పిల్లలు మిషను పంపుతామంటే ఒక్క మాట చెప్పండి. అక్కడి మిషన్లు ఎక్కువగా 115 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్ల (హెర్ట్జ్)వి, మన కరెంటు 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించగలదు గానీ సైకిళ్లను మార్చలేదు.

ఇప్పుడు తమ్ముళ్లకు. అలిపిరి వైపు ఒక ఇంట్లో నేను మిషను గాలిని, గది గాలిని ఏసీకి వెనక్కి తెచ్చే రిటర్న్ డక్టులోకి, అంటే కాయిల్‌కు ముందు కలిపాను. దగ్గరి దారి, డక్టు ఖర్చు తక్కువ. ఏసీ, మిషను రెండూ ఆడుతున్నా తేమ 65 శాతం కిందికి దిగలేదు. ఎందుకంటే వేడి పొడిగాలి కాయిల్‌కు తగిలేసరికి ఏసీ తీసే నీళ్లు తగ్గిపోయాయి. పైగా కాయిల్‌ను అంటుకున్న తడిని ఆ గాలే ఆరబెట్టి మళ్లీ గదుల్లోకి మోసింది. ఆ ఇంటాయన్ని రెండు వారాలు ఇబ్బంది పెట్టాను, ఆ బాధ నాకింకా ఉంది. నా ఖర్చుతో విప్పి, హాల్లో మిషనుకు వేరే రిటర్న్ గ్రిల్ పెట్టి, దాని గాలిని కాయిల్ దాటాక, గదుల్లోకి గాలి పంపే సప్లై డక్టులో కలిపాను. ఏసీ గాలి వెనక్కి తన్నకుండా మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే తలుపు, డ్యాంపర్ వేశాను. మూడో రోజుకు 52. ఏసీ ఫ్యాన్‌ను ఎప్పుడూ ఆడేలా కాకుండా ఆటోలో పెట్టండి, లేకపోతే కంప్రెసర్ ఆగాక కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకే.

డ్రైన్ పైపు విషయంలో నేను ఎవరి మాటా వినను. మొదటినుంచి చివరిదాకా వాటం ఉండాలి, తయారీదారు చెప్పిన చోట ట్రాప్, అంటే నీళ్లు నిలిచే వంపు ఉండాలి. ఫాల్స్ సీలింగ్ పైన పెడితే కింద రెండో ట్రే, అందులో నీళ్లు పెరిగితే మిషనును ఆపే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి. పైపు మూసుకుపోతే మిషను దానంతటదే ఆగాలి. లేకపోతే చెమ్మ పోగొట్టడానికి పెట్టిన మిషనే సీలింగ్‌ను తడిపేస్తుంది. అప్పజెప్పే ముందు ట్రేలో చెంబెడు నీళ్లు పోసి, అవి బయటికి రావడం ఇంటివాళ్ల కళ్ల ముందే చూపించండి. ఎర్తు, వేరే ఎంసీబీ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

తేమ సెన్సర్‌ను వంటింటికీ బాత్రూమ్‌కీ ఏసీ గాలికీ దూరంగా, హాల్ గోడ మీద పెట్టి 50–55 దగ్గర సెట్ చేయండి. కొనేటప్పుడు రోజుకు ఎన్ని లీటర్లు అని మాత్రమే చూడకండి, ఏ వేడి, ఏ తేమ దగ్గర కొలిచారో అడగండి. 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర కొలిచి 50 లీటర్లు రాస్తారు. 23 డిగ్రీలు, 60 శాతం దగ్గర అదే మిషను అందులో సగం తీసినా గొప్పే.

స్ప్లిట్ ఏసీలున్న ఇళ్లకు డక్టు ఉండదు కాబట్టి, హాల్లో విడిగా పెట్టే చిన్న మిషను చాలు.

అక్కలకు ఒక మనవి. మిషను కొనకముందే తేమ చూపే చిన్న మీటరు ఒకటి కొని, దీపావళి నుంచి నెలరోజులు పొద్దునా రాత్రీ అంకె రాయండి. తడిబట్టలు గదుల్లో ఆరేయడం మానండి, వంటింటి ఎగ్జాస్ట్ వేయండి, టెర్రస్ మీద నీళ్లు నిలిచే చోటు బాగు చేయించండి. ఇవన్నీ చేశాక కూడా అంకె 65కు పైనే ఉంటే ఆ కాగితం తీసుకుని నా దగ్గరికి రండి, మిషను సైజు దాన్ని చూసే చెబుతాను.