ఘటోత్కచుడి బొమ్మ ఎందుకు దొరకలేదు?

అందరికీ నమస్కారం. అనంతపురం ఎండలో, సెలవు రోజు మధ్యాహ్నం, బొమ్మల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్తాను. ఈ బల్ల మీద ఉన్నవన్నీ మీకోసమే తెచ్చాను. నేను మాట్లాడడం అయ్యాక మీ చేతికిస్తాను.

నేను పుట్టి పెరిగింది పాతూరులోనే. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ అనే కత్తి వీరుడి కార్టూన్ వచ్చే రోజుల్లో మా వీధిలో టీవీ ఉన్నది రెండిళ్లలో. మేమంతా కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లం. ఆ రోజుల్లోనే ఒకసారి మాయాబజార్ మళ్లీ ఆడితే మా నాయన తీసుకెళ్లాడు. ఎస్.వి. రంగారావు గద భుజాన వేసుకుని నిలబడగానే నాకు హీ-మ్యాన్ గుర్తుకు రాలేదు. ఘటోత్కచుడు కావాలనిపించింది. చేతిలో పట్టుకోవడానికి, చెయ్యి ఎత్తి దించడానికి, మెట్ల మీద నుంచి ఎగిరించడానికి.

ఆ ఏడు కదిరి తేరుకు పోయినప్పుడు అంగడి అంగడికీ తిరిగి అడిగాను. ప్లాస్టిక్ గద ఉంది. ఆంజనేయస్వామి ముసుగు ఉంది. రాక్షసుడి ముసుగు కూడా ఉంది. ఘటోత్కచుడి బొమ్మ మాత్రం లేదు. అలాంటిది రాదు నాయనా అన్నాడు అంగడాయన. ఎందుకు రాదు? నేను కామిక్స్ చదవడం, సూపర్ హీరో సినిమాలు చూడడం, పాత బొమ్మలు వెతికి కొనడం, అంతా ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మామూలుగా మనం ఏమనుకుంటాం? ముందు కథ పుడుతుంది, తర్వాత సినిమా వస్తుంది, చివర్లో డబ్బు కోసం బొమ్మలు చేస్తారు అనుకుంటాం. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే చాలాచోట్ల బొమ్మే ముందు, కథ వెనక.

హీ-మ్యాన్ ఎక్కి తిరిగే ఆకుపచ్చ పులినే తీసుకోండి. మ్యాటెల్ కంపెనీ 1982లో ఆ బొమ్మలు తెచ్చినప్పుడు కొత్త పులికి అచ్చు చేయించలేదు. అంతకుముందు బిగ్ జిమ్ అనే పెద్ద సైజు బొమ్మల కోసం చేసిన పులి అచ్చు ఒకటి దగ్గర ఉంది. హీ-మ్యాన్ పక్కన పెడితే అది మరీ పెద్దదైపోయింది. అయితే దానికి జీను వేసి ఎక్కిద్దాం అన్నారు. అలా ఒక పాత అచ్చు వల్ల వీరుడికి వాహనం వచ్చింది. ఆ బొమ్మల డబ్బాల్లో చిన్న కామిక్ పుస్తకాలు కూడా పెట్టేవాళ్లు. మొదటి పుస్తకాల్లో హీ-మ్యాన్ అడవి తెగ నుంచి వచ్చిన వీరుడు. మనం టీవీలో చూసిన యువరాజు ఆడమ్ తర్వాత వచ్చాడు.

ఇంకొకటి. 1984లో మార్వెల్ అనే అమెరికా కామిక్స్ కంపెనీ వాళ్ల సీక్రెట్ వార్స్ వచ్చింది. వీరులందరూ ఒకే చోట చేరే పన్నెండు సంచికల కథ. ఇది పుట్టింది బొమ్మల ఒప్పందం నుంచే. మార్వెల్‌కు పోటీ కంపెనీ డీసీ. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ లాంటి ఆ డీసీ వీరుల బొమ్మలు చేసే హక్కు కెన్నర్ అనే బొమ్మల కంపెనీకి వెళ్లింది. దాంతో మ్యాటెల్ మార్వెల్ దగ్గరికి వచ్చి, బొమ్మలతో పాటు ఒక పెద్ద కథ కూడా కావాలంది. పిల్లలను కూర్చోబెట్టి అడిగితే 'సీక్రెట్', 'వార్స్' అనే రెండు మాటలు వాళ్లకు బాగా నచ్చాయట. అదే పేరైంది. మార్వెల్ ఎడిటర్ జిమ్ షూటర్ రాశాడు. స్పైడర్‌మ్యాన్‌కు నల్ల డ్రెస్సు ఎక్కడ దొరికిందో ఎనిమిదో సంచికలో చెప్పారు. ఆ డ్రెస్సే తర్వాత వెనమ్ అనే విలన్ అయింది. ఇవాళ మీ పిల్లలు టీషర్టు మీద వేసుకునే వెనమ్ వంశవృక్షంలో ఒక బొమ్మల కంపెనీ ఉంది.

మార్వెల్ 1996లో దివాలా తీసినప్పుడు, ఆ గొడవలన్నీ ముగిసి 1998లో దాన్ని కలుపుకుని నిలబెట్టింది కూడా టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీయే. ఆ కంపెనీ గురించే ఒక కోర్టు కేసు చెప్తాను, వినండి. అప్పట్లో అమెరికాలో మనిషి రూపం ఉన్న 'డాల్' మీద దిగుమతి సుంకం ఎక్కువ ఉండేది, మామూలు ఆటబొమ్మ మీద తక్కువ ఉండేది. పుట్టుకతోనే వింత శక్తులున్న ఎక్స్‌మెన్ అనే మార్వెల్ వీరుల బొమ్మలు డాల్సా, ఆటబొమ్మలా అని వాదించుకున్నారు. 2003లో కోర్టు అవి మనుషుల బొమ్మలు కావని తీర్పిచ్చింది. మేమూ మనుషులమే అని కథ పొడుగునా పోరాడిన వీరులు వాళ్లు. అభిమానిగా ఆ తీర్పు చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ దగ్గరికి వస్తాను. ఇదిగో, నల్లగా ఉన్నాడే, వీడు. స్నేక్ ఐస్.

వీడు జీ.ఐ.జో అనే అమెరికా సైనికుల బొమ్మల్లో ఒకడు. ఆ బొమ్మలు 1964 నుంచీ ఉన్నాయి గానీ అప్పట్లో అడుగు పొడవుండేవి. 1982లో హాస్‌బ్రో కంపెనీ వాటిని మూడు ముప్పావు అంగుళాల సైజులో మళ్లీ తెచ్చింది. ఆ గుంపులో ఒక్క బొమ్మకు రంగులేయకుండా వదిలేస్తే ఖర్చు మిగులుతుందని లెక్క వేశారు. నల్ల ప్లాస్టిక్ పోసి అలాగే వదిలేశారు. ముఖానికి కూడా రంగు లేదు. ఈ బొమ్మల మీద కామిక్ రాస్తున్న ల్యారీ హామా ఆ ముఖం లేని బొమ్మను చూసి, వీడు మాట్లాడలేడు, వీడి ముఖం ఎవరికీ కనపడదు అని కథ కట్టాడు. రంగు డబ్బులు మిగుల్చుకోవడానికి చేసిన బొమ్మ అందరికంటే గొప్ప పాత్ర అయింది. రాతగాడి గొప్పతనం నాకు అక్కడ కనపడింది. చేతికిచ్చిన బొమ్మలో ఏది లేదో దాన్నే కథ చేశాడు.

జీ.ఐ.జో కామిక్‌లో 1984లో వచ్చిన ఇరవై ఒకటో సంచికలో ఒక్క మాట కూడా లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్నేక్ ఐస్ కథ గీసిన బొమ్మల్లోనే నడుస్తుంది. అది నాకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. అప్పటికి నాకు ఇంగ్లీష్ అంతంత మాత్రం. చదవడానికి కష్టపడనక్కర లేని మొదటి ఇంగ్లీష్ పుస్తకం అదే. అనంతపురం రైల్లో మూడుసార్లు చూశాను. అవును, చదివాను అనడం లేదు, చూశాను అంటున్నాను.

నా మొదటి జో బొమ్మ మాత్రం అంతకు చాలా ముందే వచ్చింది. మా నాయన బెంగళూరు పోయి వస్తూ తెచ్చాడు. ఆకుపచ్చ యూనిఫాం సైనికుడు. ఫన్‌స్కూల్ వాళ్లు మన దేశంలోనే చేసింది. ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన కంపెనీ అది. అమెరికా అచ్చులే ఇక్కడికి వచ్చేవి గానీ రంగులు మారేవి. అక్కడ ఒక రంగులో వచ్చిన సైనికుడు ఇక్కడ వేరే రంగులో వచ్చేవాడు. ఇవాళ ఆ తేడాల కోసమే విదేశీ కలెక్టర్లు మన దేశపు బొమ్మలు వెతికి కొంటున్నారు.

ఆ బొమ్మ ఆరేడు నెలలకే నడుము దగ్గర తెగి రెండు ముక్కలైంది. ఏడ్చాను. మా నాయన వీపున ఉన్న స్క్రూ విప్పి చూపించాడు. లోపల ఒక చిన్న రబ్బరు రింగు. కాళ్లకున్న కొక్కేన్ని, ఛాతీలోని స్క్రూను పట్టి ఉంచేది అదొక్కటే. రబ్బరు ఎండిపోతే తెగుతుంది. ఆయన సైకిల్ వేసుకుని పైపులు, కొళాయిలు అమ్మే అంగడికి పోయి ఒక వాషరు రింగు తెచ్చి వేశాడు. బొమ్మ మళ్లీ నిలబడింది. బొమ్మ కదలిక అంతా ఒక కీలులో ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

మరి ఘటోత్కచుడు?

మన దగ్గర కథలకు కొదవ లేదు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి మన తాడిపత్రి మనిషి. ఆ సినిమాలు నిర్మించిన వాళ్లలో ఒకరైన బి. నాగిరెడ్డి పక్కనే కడప జిల్లావారు. చక్రపాణితో కలిసి 1947లో చందమామ పెట్టింది ఆయనే. తెలుగు పిల్లలకు రాక్షసుడు ఎలా ఉంటాడో, మాంత్రికుడు ఎలా ఉంటాడో కళ్లకు కట్టించిన కె.వి. రెడ్డి, నాగిరెడ్డి ఇద్దరూ ఈ రాళ్లసీమ నుంచి వెళ్లినవాళ్లే. చందమామలో రాకాసిలోయ లాంటి సీరియళ్లకు చిత్రా అనే చిత్రకారుడు వేసిన బొమ్మలు చూడండి. ఏ అమెరికా కామిక్‌కూ తీసిపోవు. ఇంత ఉండి కూడా చేతిలోకి వచ్చే బొమ్మ రాలేదు.

కారణం తర్వాత తెలిసింది. ముసుగు చేయడం సులువు. పలచటి ప్లాస్టిక్ రేకును వేడి చేసి, అచ్చు మీద పరిచి గాలి లాగితే ముసుగు వస్తుంది. చేతులు కాళ్లు కదిలే బొమ్మకు అలా కాదు. ప్రతి ముక్కకూ ఉక్కు అచ్చు కావాలి, దానిలోకి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పంపే మిషన్ కావాలి. అచ్చు ఖర్చు తిరిగి రావాలంటే వేల బొమ్మలు అమ్ముడుపోవాలి. కదిరి తేరులో అంగడాయన రాదు అన్నది అందుకే. ఆయన తప్పేమీ లేదు.

అయితే కీళ్లున్న ఘటోత్కచుడు మనకు లేడనుకోవడం మాత్రం నా పొరపాటు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మీకు తెలుసు. నేను ఆ ఊరికి మొదటిసారి పోయింది ఇంట్లోకి ఒక తోలు లాంప్ షేడ్ కొనడానికి. పోయినవాణ్ణి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఒక పెద్దాయన పాత హనుమంతుణ్ణి తీసి చూపించాడు. మేకతోలు, దీపం ముందు పెడితే ఎరుపు, ఆకుపచ్చ వెలుగుతున్నాయి. భుజం దగ్గర, మోచేయి దగ్గర తోలు ముక్కలను దారంతో ముడివేసి కట్టారు. వదులైన ముడి, బిగువైన ముడి, చేసే పనిని బట్టి. నడిమి కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో హనుమంతుడి చెయ్యి ఆడించాడు. ఆడించగానే ఆయన గొంతు మారింది. దానంతటదే మారింది.

మా నాయన స్క్రూ విప్పి చూపించిన రింగు, ఈ ముడి రెండూ ఒకటే. కీలు ఉన్న బొమ్మ చేతికొస్తే పట్టుకున్నవాడు మాట్లాడకుండా ఉండలేడు. కథ రాసింది ఎవరైనా, ఆ క్షణంలో చెప్పేది వాడే. అందుకే ముప్పై వేలు పెట్టి కొనే కదలని విగ్రహాలు నాకు నచ్చవు. డబ్బా విప్పకుండా గాజు అల్మారాలో దాచే అలవాటు నాకు అసలు నచ్చదు. ధర తగ్గుతుందని పిల్లల చేతికి ఇవ్వకపోతే ఆ బొమ్మ ఎందుకు పుట్టినట్టు?

2024 సంక్రాంతికి హను-మాన్ వచ్చింది. మన భాషలో, మన పల్లెటూరి కుర్రాడు సూపర్ హీరో అయిన సినిమా. మా అక్క మనవడు థియేటర్ నుంచి బయటికి రాగానే నన్నడిగాడు, తాతా, చేతులు కదిలే బొమ్మ దొరుకుతుందా అని. నేను కదిరిలో అడిగిన ప్రశ్నే. వాడికి రాదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరుసటి వారం నిమ్మలకుంట పోయి, పది అంగుళాల హనుమంతుడు కావాలని అడిగాను. ఆట కోసం కాబట్టి ముడులు గట్టిగా వేయండి అని చెప్పాను. అలాగే ఇంకొకటి కూడా చేయించాను, నా కోసం.

ఇక్కడ సినిమాలు తీసే కుర్రాళ్లున్నారు, ఫోన్లో కామిక్స్ గీసేవాళ్లున్నారు. మీ వీరుణ్ణి కాగితం మీద గీసే రోజే ఒకసారి నిమ్మలకుంట పోయి రండి. వాడి మోచేయి ఎక్కడ వంగుతుందో అక్కడివాళ్లను అడగండి. గద పట్టుకునే చేతికి ఎన్ని ముడులు కావాలో వాళ్లకు తెలుసు. ఉక్కు అచ్చుకు డబ్బు లేదని ఆగిపోకండి. మేకతోలుకూ దారానికీ అంత డబ్బు అక్కర లేదు.

సరే, పిల్లలూ, రండి. వరుసగా రండి, తోసుకోవద్దు. ఈ ఎర్ర గుడ్డ కింద ఉన్నవాడే ఘటోత్కచుడు. నడిమి కర్ర ఎడమ చేత్తో పట్టుకోండి, గద చెయ్యి కుడి చేత్తో ఆడించండి. స్నేక్ ఐస్‌ను మాత్రం నడుము దగ్గర గట్టిగా తిప్పొద్దు, రింగు నిన్ననే మార్చాను.