బాత్ క్లబ్‌లో హంతకుడున్నాడా?

అందరికీ నమస్కారం. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ సమాధి తెరిచినవాళ్లని శాపం చంపిందన్న కథ మీరు చిన్నప్పుడే విని ఉంటారు కాబట్టి దాన్ని పక్కనపెట్టి, నేరుగా శవం దగ్గరికే వెళ్దాం. 1929 నవంబర్ 15న లండన్ మేఫెయిర్‌లోని బాత్ క్లబ్‌లో రిచర్డ్ బెతెల్ తన మంచం మీదే చనిపోయి కనిపించాడు. వయసు 46. టుటన్‌ఖామెన్ సమాధిని బయటపెట్టిన హోవర్డ్ కార్టర్‌కి సెక్రటరీగా చేసినవాడు, తనూ ఈజిప్టు వస్తువులు సేకరించేవాడు, పైగా లార్డ్ వెస్ట్‌బరీ కొడుకు. మూడు నెలలు దాటాయో లేదో, ఆ ముసలి తండ్రి తన ఫ్లాట్ కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. అంతే, పేపర్లకి పండగ!

ఈ పండగ వెనక ఒక డబ్బు లెక్క ఉంది. తవ్వకానికి పెట్టుబడి పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 జనవరిలో సమాధి వార్తల హక్కులు 5,000 పౌండ్లకి లండన్ టైమ్స్ పత్రిక ఒక్కదానికే అమ్మేశాడు. మిగతా విలేకరులు అంత దూరం వచ్చి ఎండలో కూర్చుంటే చెప్పడానికి వార్తే లేదు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 5న, కార్నార్వన్ కైరోలో పోయాడు. దోమకాటు మీద గడ్డం గీసుకుంటుంటే బ్లేడు తగిలింది, రక్తం విషమయ్యింది, న్యుమోనియా పట్టుకుంది. అసలే కారు ప్రమాదంలో దెబ్బతిన్న ఒళ్లు, పెన్సిలిన్ లేని కాలం. ఇక చిలవలు పలవలు అల్లడానికి అడ్డెవరు?

బెతెల్ పోయిన ఎనభై ఏళ్లకి పైగా గడిచాక, 2011లో, ఒక చరిత్రకారుడు కొత్త అనుమానితుణ్ణి తెచ్చాడు. అలిస్టర్ క్రౌలీ అనే మాంత్రికుడు బెతెల్‌తో సహా కొందరిని చంపించి ఉంటాడట. టెన్షన్ పెట్టే కథే, కాదనను, కానీ సాక్ష్యం ఏది? క్రౌలీకి చెడ్డపేరు ఉండటం సాక్ష్యం కాదు కదా. నా లెక్కలో అక్కడ హంతకుడూ లేడు, శాపమూ లేదు. కార్టర్ 1939 దాకా బతికాడు, మొదటి రోజుల్లోనే సమాధిలోకి వెళ్లిన కార్నార్వన్ కూతురు ఎవెలిన్ అయితే 1980 దాకా ఉంది.

మరి నేరమే లేదా అంటే, ఉంది, అదీ దొంగతనం! కార్నార్వన్ ఈజిప్టు వస్తువుల సేకరణని 1926లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1,45,000 డాలర్లకి కొంది. ఆ మ్యూజియమే 2010లో, తన దగ్గరున్న 19 చిన్న వస్తువులు టుటన్‌ఖామెన్ సమాధివేనని ఒప్పుకుని వాటిని ఈజిప్టుకి ఇచ్చేస్తానంది. అందులో అంగుళం కూడా లేని ఒక కంచు కుక్కబొమ్మ ఉంది. వాటిలో కొన్ని కార్టర్ చనిపోయాక ఆయన ఆస్తిలో బయటపడినవి. సమాధిలో దొరికినవన్నీ ఈజిప్టువే అయినప్పుడు అవి తన చేతికి ఎలా చేరాయన్నది కార్టర్‌ని ఎవరూ కోర్టులో అడగలేదు.