ఇసుకలో వీల్‌చైర్: ఏ సాధనం ఎక్కడిదాకా వస్తుంది?

నమస్తే. సముద్రం ఉన్న ఊరికి వీల్‌చైర్‌లో వెళ్తున్నారా? హోటల్ గది, లిఫ్టు, బాత్రూం గురించి వీడియోలు చాలానే ఉన్నాయి. ఇది రోడ్డు అయిపోయిన చోట మొదలయ్యే వీడియో. అక్కడినుంచి నీళ్లదాకా తీసుకెళ్లే సాధనాల్లో ఏది ఎంతదూరం పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది, అదీ ఈరోజు సంగతి.

మామూలు కుర్చీ ఇసుకలో ఆగిపోయేది ముందుగా క్యాస్టర్ల దగ్గర. ముందుండే ఆ చిన్న చక్రాలు నాలుగైదు అంగుళాలవి, సన్నగా, గట్టిగా ఉంటాయి. బరువంతా కాస్త చోటులోనే పడేసరికి ఇసుకలో కత్తిలా దిగిపోతాయి. అప్పుడు ఇంకా గట్టిగా తోశారంటే కుర్చీ కదలదు, మీరే ముందుకు తూలిపడతారు. మోటారు కుర్చీదైతే ఇంకో తంటా. చక్రాలు ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. అంత బరువును పైకి లేపడానికి నలుగురు కావాలి.

అన్ని ఇసుకలూ ఒకటి కాదు. పొడి ఇసుక అన్నిటికన్నా కష్టం. అల తడిపి వెనక్కి వెళ్లిన ఇసుక గట్టిగా ఉంటుంది, నీళ్లు నిలిచిన చోట మళ్లీ వదులే. చేతిలో ఏ సాధనమూ లేకపోతే ఒక కిటుకు: కుర్చీని వెనక్కి తిప్పి, తోడున్నవాళ్లని లాగమనండి. క్యాస్టర్లు వెనకబడి వస్తాయి కాబట్టి అంతగా దిగవు.

ముందుగా మ్యాట్. ఇసుక మీద చాపలా పరిచే దారి ఇది. మొబీమ్యాట్ లాంటివి చుట్టగా వస్తాయి. తన కుర్చీ తనే నడుపుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు, కుర్చీ మారే పనే ఉండదు. వెడల్పు కనీసం 1.5 మీటర్లు ఉండాలి, లేకపోతే చివరికెళ్లాక వెనక్కి తిరగలేరు. ఇబ్బందంతా అతుకుల దగ్గర. రెండు ముక్కలు కలిసేచోట అంచు లేస్తుంది, క్యాస్టర్ దానికి తగిలి ఆగిపోతుంది. గాలికి ఇసుక కప్పేస్తే మ్యాట్ ఉన్నా లేనట్టే.

అందుకే ఫోన్‌లో "మ్యాట్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. అందరూ ఉందనే చెప్తారు. ఇవి అడగండి: ఈరోజు పరిచారా? రోడ్డుకీ మ్యాట్ మొదటి అంచుకీ మధ్య మెట్టుందా? మ్యాట్ చివరినుంచి నీళ్లకి ఎంత దూరం? ఆ దూరం గంటగంటకీ మారుతుంది. పోటు మీదున్నప్పుడు నీళ్లు మ్యాట్ చివరికి వచ్చేస్తాయి, ఆటు వేళకి అదే చోటు ఎడారి. ఆటుపోట్ల పట్టిక చూసి బయల్దేరండి.

ఫ్రీవీల్ అనే సాధనం ఫుట్‌ప్లేటుకి, అంటే పాదాలు ఆనించే పలకకి, బిగించే ఒంటి పెద్ద చక్రం. క్యాస్టర్లను నేలనుంచి పైకి లేపుతుంది. రాళ్లు పరిచిన పాత వీధుల్లో, పచ్చికలో, తడి ఇసుకలో బ్రహ్మాండంగా నడుస్తుంది. లోతైన పొడి ఇసుకలో మాత్రం ఆశ పెట్టుకోకండి, వెనక టైర్లు సన్నవే కదా. మడత కుర్చీకి విడిగా అడాప్టర్ కావాలి. పొడవు పెరుగుతుంది కాబట్టి ఇరుకు లిఫ్టు దగ్గర ఊడదీయాల్సిందే.

బెలూన్ టైర్ల కుర్చీ పొడి ఇసుక మీద హాయిగా వెళ్తుంది. టైరు మెత్తగా నొక్కుకుపోయేలా ఉండాలి. చాలాచోట్ల గట్టిగా గాలి కొట్టేస్తారు, అప్పుడు దాని పనే పోతుంది. చాలావాటికి హ్యాండ్‌రిమ్, అంటే చక్రాన్ని చేత్తో తిప్పుకునే రింగు, ఉండదు, మనిషి తొయ్యాల్సిందే. బ్రేకు ఉందో లేదో ఎక్కకముందే చూడండి. సీటు కిందికి ఉంటుంది కాబట్టి దిగి కూర్చోవడం సులువు. తడి ఒంటితో తిరిగి సొంత కుర్చీలోకి ఎక్కడం ఉంది చూశారూ, అసలు పరీక్ష అదే. ఇద్దరు మనుషుల్ని, ఒక ట్రాన్స్‌ఫర్ బోర్డునీ (ఒక సీటునుంచి ఇంకో సీటుకి జారడానికి వేసుకునే పలక) ముందే చూసుకోండి. గుడ్డ సీటు మీద కుషన్ లేకుండా గంటలు కూర్చుంటే పుండ్లు పడతాయి. స్పర్శ తెలియని చర్మానికి ఇసుక రేణువుల ఒరిపిడి కూడా కలిస్తే చెప్పక్కర్లేదు.

దీన్ని నీళ్లలోకి దింపాలని మాత్రం ఉబలాటపడకండి. టైర్లు అడుగున తేలుతుంటాయి, మనిషి బరువు పైన ఉంటుంది. కాస్త లోతుకి వెళ్తే బోల్తానే. ఆ పనికి తేలే కుర్చీ వేరే ఉంది, టిరాలో లాంటిది. దానికి చేతులు ఆనించే చోట కూడా తేలే దిమ్మలుంటాయి. అయినా అది పడవ కాదు. లైఫ్ జాకెట్ వేసుకోండి, బెల్టు ఒక్క లాగుడుతో ఊడుతుందో లేదో గట్టు మీదే చూసుకోండి. కుర్చీని అలకి అడ్డంగా తిరగనివ్వకండి.

తోడు లేకుండా నీళ్లలోకి వెళ్లాలంటే గ్రీసులో తయారైన సీట్రాక్ ఉంది. పట్టాల మీద జారే సీటు, సౌరశక్తితో నడుస్తుంది, రిమోట్ మీ చేతిలోనే ఉంటుంది. మా ఓటు దీనికే. కాకపోతే బిగించి ఉన్నచోటే దొరుకుతుంది, సీటులోకి మారడం మీకు రావాలి.

పడవ ఎక్కే ఆలోచన ఉంటే ఒక్క మాట. తేలే జెట్టీకి దింపే వంతెన పోటు మీద దాదాపు సమంగా ఉండి, ఆటులో నిట్టనిలువు అయిపోతుంది. ర్యాంపుకి 1:12 వాలు, అంటే పన్నెండు అడుగులకి ఒక అడుగు ఎత్తు, ఉంటేనే చేతులు నొప్పిపుడతాయి, ఇది దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఎక్కే వేళ ఒక్కటే కాదు, దిగే వేళకి నీరు ఎంతుంటుందో కూడా చూడండి.

ఎండ సంగతి. వెన్నుపాము గాయం టీ6 (ఛాతీ వెనక వెన్నులో ఆరో పూస) దగ్గరో, ఆపైనో ఉన్నవాళ్లకి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. నీళ్ల స్ప్రే సీసా, నీడ తప్పనిసరి. ఎండలో వదిలేసిన కుర్చీ ఫ్రేముకి, జెల్ కుషన్‌కి స్పర్శ లేని కాలు తగిలితే కాలిందని కూడా తెలియదు. కుర్చీ మీద తువ్వాలు కప్పి వెళ్లండి.

గదికి చేరగానే కుర్చీని మంచినీళ్లతో కడగండి. ప్రెషర్ పైపు వద్దు, అది ఉప్పునీ ఇసుకనీ బేరింగుల్లోకి తోస్తుంది. చక్రాలు ఊడదీసి ఇరుసులు తుడిచి, ఆరాక ఒక చుక్క నూనె వేయండి. క్యాస్టర్ ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు, నాచు లాగేయండి. మోటారు కుర్చీకి పైపు పెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.