రిసెప్టర్ ఎక్కువుందని ఎకరం అమ్మాలా?

(టంగుటూరులో పొగాకు రైతులు, ఆశా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేలం పనులు మానుకుని వచ్చారు, సంతోషం. పొగాకు పండించే ఊళ్లో నిలబడి నోటి క్యాన్సర్ గురించి మాట్లాడటం నాకు కాస్త ఇబ్బందే. మాన్పించే సంగతి ఇంకోసారి చూద్దాం. ఈరోజు రిపోర్టులో ఉండే ఒక్క మాట గురించే చెబుతాను.

మొన్న కొండపి వైపు నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాన్న ముక్క పరీక్ష కాగితం తెచ్చాడు. బుగ్గ లోపల క్యాన్సర్. కింద 'ఈజీఎఫ్ఆర్ త్రీ ప్లస్' అని రాశారు. "మూడు ప్లస్సులంట సార్, దానికి ఇంజెక్షన్ ఉందంట గదా, ఎకరం అమ్మేదా?" అన్నాడు.

ఈజీఎఫ్ఆర్ అంటే కణం పైన ఉండే ఒక రిసెప్టర్, మోటారుకు స్టార్టర్ లాంటిది. మూడు ప్లస్సులంటే అవి బాగా ఎక్కువున్నాయని. బయటి నుంచి పెరుగుదల సంకేతం వచ్చి తగిలితే లోపల మోటారు తిరుగుతుంది, కణం రెండవుతుంది. ఆ సంకేతాన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ ఇచ్చారు. తల, మెడ క్యాన్సర్లలో నూటికి 80, 90 మందిలో ఈ స్టార్టర్లు మామూలు కన్నా ఎక్కువే ఉంటాయి. అంటే ఆ మూడు ప్లస్సులు వాళ్ల నాన్న ఒక్కడికే పట్టిన శని కాదు.

ఎక్కువుంటే జబ్బు తిరగబెట్టే అవకాశం సగటున ఎక్కువే, అది నిజం. కానీ జబ్బు మొండిదని చెప్పే గుర్తు వేరు, ఫలానా మందు పనిచేస్తుందని చెప్పే గుర్తు వేరు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే తికమక పడతారు. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో జన్యువు మారి స్టార్టరే ఆన్‌లో బిగుసుకుపోతుంది. దాన్ని ఆపే మాత్ర వేస్తే గడ్డ కరుగుతుంది. నోట్లో ఆ మార్పు చాలా అరుదు. స్టార్టర్లు ఎక్కువుంటాయంతే. ఒకటి కట్టేస్తే పక్క బోరు నుంచి నీళ్లు పారతాయి.

మరి ఇంజెక్షన్ దండగా? కాదు. ఈ స్టార్టర్‌ను ఆపే ఇంజెక్షన్ సెటుక్సిమాబ్. దాన్ని రోగులకిచ్చి చూసిన పరీక్ష ఫలితం 2006లో వచ్చింది, అందులో 424 మంది ఉన్నారు. ఒట్టి రేడియేషన్‌తో సగం మంది 29 నెలలు దాటి బతికితే, ఇది కలిపినప్పుడు 49 నెలలు దాటి బతికారు. బాగుంది గానీ, పోల్చింది ఒట్టి రేడియేషన్‌తో, సిస్‌ప్లాటిన్ అనే పాత కీమో మందుతో కాదు. తర్వాత వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లో రెండింటినీ ఎదురెదురుగా పెడితే పాత సిస్‌ప్లాటినే గెలిచింది. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2019లో 536 మంది ఫలితాలు ప్రకటించారు. సిస్‌ప్లాటిన్, రేడియేషన్‌కు నిమోటుజుమాబ్ అనే ఇలాంటిదే మరో ఇంజెక్షన్ చేరిస్తే రెండేళ్లపాటు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 50.5 శాతం నుంచి 61.8 శాతానికి పెరిగారు. మొత్తం ఆయుష్షులో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా రాలేదు. కాబట్టి స్తోమత ఉంటే ఆలోచించవచ్చు. అప్పు చేసి, పొలం అమ్మి అయితే నేను వద్దంటాను.

ఆ కుర్రాడికీ అదే చెప్పాను. "ఎకరం ఉండనీ అబ్బాయ్. ముందు మెడ సంగతి అడుగు" అన్నాను. వాళ్ల నాన్నకు మెడలో గడ్డలు తగులుతున్నాయి. క్యాన్సర్ అక్కడికి పాకిందా, గడ్డ పొర చీల్చుకుని బయటికొచ్చిందా, ఆపరేషన్లో అంచులు శుభ్రంగా వచ్చాయా అన్నవే ప్లస్సుల కన్నా ఎక్కువ చెబుతాయి. అమ్మా, ఆశా కార్యకర్తలూ, మూడు వారాలైనా మానని పుండు, కారం తగిలితే మంట, నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోవడం కనిపిస్తే అక్కడే పట్టుకోండి. అప్పటికి మెడకు పాకకపోయి ఉంటే ఈ ఇంజెక్షన్ల గొడవే చాలామందికి రాదు.