కంట్లో లెన్స్ ఉంటే ఎమ్మారై తీయించుకోవచ్చా?

అందరికీ నమస్కారమండి. ప్రెసిడెంట్ గారు పది నిమిషాలే అన్నారు, అందులో నా పరిచయానికే నాలుగైపోయాయి, అందుకని స్టేజీ మీద పెద్దల పేర్లన్నీ చదవట్లేదు, ఏమనుకోకండి.

కళ్ల గురించి మాట్లాడమన్నారు గానీ నేను కళ్ల డాక్టర్ని కాదు, స్కానింగ్ గదిలో టెక్నీషియన్‌గా రిటైరైనవాణ్ణి. కొత్తలో ఒక మామ్మగారు నడుం ఎమ్మారైకి వచ్చారు, మనవడి భుజం పట్టుకుని, నిలబడలేక. ఒంట్లో ఏమన్నా పెట్టారా అని అడుగుతాం కదా, "కంట్లో అద్దం పెట్టారు నాయనా" అన్నారు పాపం నిజాయితీగా. నాకు తెలీక భయమేసి, కంటి డాక్టర్తో రాయించుకు రమ్మని పంపేశా. మళ్లీ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, తొమ్మిది రోజులూ ఆ నొప్పితోనే. నన్ను తిట్టలేదండి, "అద్దం పీకేస్తారేమోనని నిద్ర పట్టలేదు నాయనా" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

శుక్లాల ఆపరేషన్లో పెట్టేది ప్లాస్టిక్ లెన్సండీ! రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దాలు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ముక్కలు కంటికి పెద్దగా హాని చేయలేదని గమనించి, హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లో లండన్లో ఆ రకం ప్లాస్టిక్‌తోనే మొదటి లెన్స్ పెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా అక్రిలిక్, అదీ ప్లాస్టిక్కే. ఎమ్మారై మిషనంటే పెద్ద అయస్కాంతం, అయస్కాంతానికి ప్లాస్టిక్‌తో ఏం పని? సీటీ స్కాన్‌లో ఐతే అసలు అయస్కాంతమే ఉండదు. గ్లకోమాకి, అంటే నీటికాసుల జబ్బుకి పెట్టే స్టీలు గొట్టాలు, రెప్పలో పెట్టే స్ప్రింగుల్లాంటివి ఉంటే మాత్రం మోడల్ పేరు చూడందే లోపలికి పంపకూడదు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. మన ఆటోనగర్ వాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. గ్రైండింగ్ చేస్తుంటే కంట్లో ఇనప రజను పడుతుంది, నలుపుకుని నీళ్లు కొట్టుకుని మర్చిపోతారు. అమెరికాలో రేకుల పని చేసే ఒకాయనకి కంట్లో ఇనప ముక్క ఉందని ఆయనకే తెలీదు, ఎమ్మారై తీశాక ఆ కన్ను పోయింది, 1986లో డాక్టర్ల పత్రికలో వచ్చిన కేసు. అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు, చిన్న పని. మీరు చెప్తేనే కదా మరి! లెన్స్ గురించి పది సార్లు చెప్తారు, రజను సంగతి ఒక్కరూ చెప్పరు.

టైమైంది, దిగుతున్నా. ఇంటికెళ్లాక బీరువాలో ఆపరేషనప్పుడు ఇచ్చిన లెన్స్ కార్డు వెతికి ఫోన్లో ఫోటో తీసుకోండి, మీ కోడలి ఫోన్లో కూడా.